పాత బొంతకు టీకా తాత్పర్యం

అవతారిక

శతకాలకు టీకలున్నాయి, ప్రబంధాలకు టీకలున్నాయి. 1854లో వావిళ్ళవారు అచ్చుకూటం పెట్టిన దగ్గర్నుంచి పద్యం వెంట టీకా తాత్పర్యం ఉండడం తెలుగునాట మర్యాద అయిపోయింది. ఇంట్లో ఆడవాళ్ళు పలికే మహావాక్యాలకు మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత దొరకలేదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ పూనిక. కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ రెండు నియమాలు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే ఈ టీక పోస్టుకార్డు మీద పట్టేస్తుంది.

సందర్భమేమనగా: ఏలూరులో కాపురముంటున్న ఒక ఇల్లాలు, కార్తీకం వెళ్ళి చలి ముదురుతున్నదని, దుప్పట్ల కోసం మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగింది. దుప్పట్లు పైనే ఉన్నాయి. వాటి కింద సగం కుట్టి ఆపిన బొంత, దాని కింద మూటలు మూటలుగా ముక్కలు. ఇక లాభం లేదు, ఈసారి పని తేల్చేయాల్సిందే అనుకుని, తాడేపల్లిగూడెంలో ఉన్న వదినగారికి ఫోను చేసింది. కుట్టుకు కూర్చోవలసిన గంట ఫోనుకే సరిపోయింది. మనకు దక్కిన మూలం ఆ సంభాషణలోనిది.

మూలం

“ఒదినా, ఈ భోగి లోపు పెట్టెలో ముక్కలన్నీ ఖర్చెట్టేసి ఆ పాత బొంత కానిచ్చేత్తాను. మళ్ళీ కొత్త గుడ్డ కొంటే ఒట్టు.”

పాఠభేదాలు

కొల్లేటి లంకల్లో ‘కానిచ్చేత్తాను’ అనీ, ఏలూరు పవర్‌పేటలో నలుగురి ముందు ‘కానిచ్చేస్తాను’ అనీ వినబడుతుంది. ఈమె పుట్టిల్లు లంకల వైపు గనుక, అవతల ఉన్నది సొంత మనిషి గనుక, మొదటి పాఠమే గ్రాహ్యం. ‘ఈ భోగి లోపు’ అన్నచోట ‘ఈ ఉగాది లోపు’ అనీ ‘ఈ ఎండాకాలం సెలవుల్లో’ అనీ పాఠాంతరాలు కనబడుతున్నాయి. ఇవి లేఖక దోషాలు కావు. ఏడాదికొక పాఠం వెలువడింది, అంతే.

ప్రతిపదార్థం

ఒదినా = ఓ వదినగారూ; ఈ భోగి లోపు = రాబోవు భోగిపండుగకు ముందుగానే; పెట్టెలో = ట్రంకు పెట్టె యందున్న; ముక్కలన్నీ = గుడ్డముక్కల నన్నింటిని; ఖర్చెట్టేసి = వినియోగపఱచి; ఆ = నీ వెఱిగినదియు, నలుగురిలో నేను ప్రస్తావింపనిదియు నగు; పాత బొంత = మునుపెన్నడో మొదలుపెట్టిన బొంతను; కానిచ్చేత్తాను = ముగింతును; మళ్ళీ = అటుపిమ్మట; కొత్త గుడ్డ కొంటే = నూతన వస్త్రమును క్రయము చేసినచో; ఒట్టు = ప్రమాణభంగ మగుగాక.

ఇది బడిపిల్లలకు చాలు. పెద్దలకు విశేషాలు.

‘ఒదినా’

అన్నభార్యనూ వదిన అంటారు, మొగుడి అక్కగారినీ వదిన అంటారు. ఇక్కడ ఎవరన్నది తేలితే తప్ప వాక్యం స్వభావం తేలదు. అన్నభార్య అయితే ఇది ప్రగల్భం: చూడు, నేను ఎంత పనిమంతురాలినో అని. ఆడపడుచు అయితే ఇది సంజాయిషీ: మీ అమ్మగారు మొదలెట్టిన బొంతే, నేనేం పారేయలేదు అని. పెట్టెలోని బొంత అత్తగారి చేతిమీదుగా మొదలైనదన్న ఆధారాన్ని బట్టి రెండోదే నిలుస్తుంది.

‘ఈ భోగి లోపు’

గడువుగా భోగినే ఎందుకు చెప్పిందీ అంటే, భోగి మంటలో పాతవన్నీ పడతాయి. విరిగిన కుర్చీ కాలు, చిరిగిన చాప, చెదపట్టిన తలుపురెక్క వగైరాలతో పాటు ఆ ముక్కల మూటలు కూడా వేసేస్తానని మగడు ఏటా జనవరి రెండో వారంలో బెదిరిస్తాడు. ఆయన ఎన్నడూ వేయలేదు. ఆ మూటలో తన తండ్రి పంచె ముక్క ఉందని ఆయనకు తెలుసు. ‘ఈ’ అన్నది ఏ సంవత్సరపు భోగి అన్నది మూలకర్త్రి చెప్పలేదు. మనం ఊహించడం భావ్యం కాదు.

‘పెట్టెలో’

ఈ పదం దగ్గర ఆగక తప్పదు. కొల్లేరు ఎరిగినవారికి పెట్టె గురించి వేరే చెప్పనక్కర్లేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఆ సరస్సులోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, రామిలేరు వస్తుంది, పొలాల డ్రెయిన్లన్నీ వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. పెట్టెదీ అదే భూగోళం. టైలరు కొట్టు నుంచి తెచ్చుకున్న జాకెట్టు కత్తిరింపులు ఒక ఏరు. ఆషాఢం డిస్కౌంట్లలో ‘ఎందుకైనా పనికొస్తుంది’ అని కొన్న కట్ పీసులు ఒక ఏరు. పేరంటాల్లో పెట్టే జాకెట్టు గుడ్డల సంగతి సరేసరి: ఒక ఇంట అందుకున్నది ఇంకో ఇంట అందించి, అది ఊరంతా తిరిగి, గుర్తుపట్టే స్థితిలో మళ్ళీ మన ఇంటికే వచ్చి, ఇక ఎవరికీ పెట్టడానికి మొహం చెల్లక ఇక్కడ దిగుతుంది. పోయే దారి మాత్రం బొంత ఒక్కటే. ఉప్పుటేరులో పూడిక పడితే కొల్లేరు ఊళ్ళమీదికి వస్తుంది. కుట్టు ఆగితే పెట్టె బీరువామీదికి వస్తుంది.

ప్రభుత్వం 1999లో +5 కాంటూరు (ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని అభయారణ్యం చేసింది. 2002లో అది చిత్తడి నేలల రాంసర్ జాబితాకెక్కింది. 2006లో ఆ గీత లోపల వేసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఈ ఇంట్లోనూ మామగారు బతికున్న రోజుల్లో ఒక కాంటూరు గీశారు: ముక్కలు పెట్టె మూతను దాటరాదని. ఇప్పుడు మూత పడడం లేదు. ఆయన చెప్పినది మూసిన మూత ఎత్తా, తెరిచిన మూత ఎత్తా అన్నది వివాదంలో ఉంది. కొల్లేట్లో గీతను అయిదు నుంచి మూడుకు దించాలని కోరేవాళ్ళుంటే, ఇక్కడ పైకి జరపాలంటున్నారు. రెండుచోట్లా కోరేది ఆక్రమణదారులే.

‘ముక్కలన్నీ’

ముక్కలు రెండు తెగలు. ఇంకా కత్తెర చూడనివి, గళ్ళుగా కత్తిరించి నాలుగేసి చొప్పున అతికినవి. రెండో తెగతోనే చిక్కంతా. అవి వెనకటి బొంతకు కత్తిరించగా మిగిలిపోయిన గళ్ళు. ఆ బొంత ఎప్పుడో నలిగి చిరిగి మసిగుడ్డలుగా మారింది, గళ్ళు మాత్రం పెట్టెలో కొత్తవాటిలా ఉన్నాయి. వాటి మధ్య తెల్లది ఒకటి మామగారి పంచె, మూలన పెన్ను సిరా మరకతో. నీలం రంగుది కూతురి బడి పావడా. ఇస్త్రీ చేసిన కుచ్చు మడత ఆనవాలు ఇప్పటికీ పోలేదు. ఎర్ర నేలమీద పూలతీగది పెడన అద్దకం దుప్పటి కొస.

ఇవన్నీ ఒక బొంతలో ఎందుకు ఇమడవు? కొలతకు అందరూ వాడింది జాన. అత్తగారిది పెద్ద చెయ్యి, కోడలిది చిన్న చెయ్యి. కనుక అత్తగారి గడి కోడలి గడి కన్నా బొటనవేలెడు పెద్దది. నాలుగు గళ్ళ దగ్గర ఈ తేడా సర్దుకుంటుంది. బారు పొడుగునా పేర్చేసరికి ఒక వరస ఇవతల ఆగుతుంది, ఇంకో వరస మంచం దిగుతుంది. ఇక్కడ రెండు మతాలు ఏర్పడ్డాయి. కత్తిరింపు మతంవారు, అన్నిటికన్నా చిన్న గడిని పట్టుకుని మిగతావన్నీ దాని సైజుకు కోసేయాలంటారు. పట్టీ మతంవారు, చిన్న గడి చుట్టూ వేరే రంగు పట్టీ వేసి దాన్నే పెద్దదాని సమం చేయాలంటారు. మొదటిది తొందరగా తెములుతుంది గాని అత్తగారి గళ్ళన్నీ కోడలి కత్తెరకు గురవుతాయి, దానికి ఆడపడుచు సాక్షి. రెండోది ఆలస్యం, కానీ చూడముచ్చటగా ఉంటుంది. పైగా గళ్ళకు పనికిరాని పొడుగు పేలికలు కూడా పట్టీలకు తరుగుతాయి. వ్యాఖ్యాతది పట్టీ మతం.

ఇంకో సూక్ష్మం ఉంది, ఇది మిషను కుట్టు నేర్పే చోట చెప్పరు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలుకు, పెట్టెలోనే ఉండిపోయిన కొత్త నూలు పక్కన అతికితే, మొదటి ఉతుకుకే కొత్తది ముడుచుకుపోతుంది, పాతది ముడుచుకోదు; కుట్టు పొడుగునా ముడతలు లేస్తాయి. ఎర్రగుడ్డ రంగు దిగి తెల్ల పంచె గులాబీ అవుతుంది. అంచేత కొత్త ముక్కలను ముందు ఒక రాత్రి నీళ్ళలో నానేసి ఆరేసుకోవాలి. పాలిస్టరు ముక్కను అసలు కలపకూడదు. సూది జారుతుంది, ఒంటికి చెమట పీల్చదు, కొల్లేటి గాలికి చల్లగా తగులుతుంది. ఇంత చెప్పినా ప్రతి పెట్టెలోనూ సగం పాలిస్టరే.

ఇక ‘అన్నీ’. ఇందులో తర్కదోషం ఉంది. ముక్కను గడిగా కత్తిరిస్తే ముక్క తరగదు. ఒక గడీ రెండు చిన్న ముక్కలూ అవుతుంది. దీన్ని బొంతలవాళ్ళు ఏనాడో గమనించారు, పైకి చెప్పలేదు.

‘ఖర్చెట్టేసి’

గళ్ళకు రాని వాటికి గతులు: చుట్టకుదురు, కాలిపట్టా, అన్నం గిన్నె దింపే మసిగుడ్డ, పురిటింటికి పొత్తిళ్ళు. ఇవేవీ కానివి దిండులోకి. వీధిలో ‘పాత బట్టలకు స్టీలు సామాన్లు’ కేక వినబడినప్పుడు ముక్కల్ని పట్టుకెళ్ళేవారున్నారు గాని, ఆ కేక వేసినవాడు చూసేది జరీ చీర, ప్యాంటు. ముక్కల మూట చూసి నవ్వుతాడు. ఆ నవ్వు తర్వాతే చాలా బొంతలు మొదలయ్యాయి.

‘ఆ పాత బొంత’

బొంత అనగా పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, పైకీ కిందికీ గట్టి గుడ్డ వేసి, ఆ చివరనుంచి ఈ చివరకు కచ్చాకుట్టు వేసినది. లోపల మెత్తనిది, పైన మన్నేది. కొందరు చిరిగిన దోమతెర కూడా లోపలికి తోస్తారు. ఏలూరు దోమల సంగతి ఎరిగినవారెవరూ తెర చిరిగే దాకా వదలరు గనుక అది నిజంగానే పేలికై ఉంటుంది. నేలమీద పరిచి, నాలుగు మూలలా పొత్రమో, బిందెడు నీళ్ళో బరువు పెట్టి, నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. అంచుల నుంచి నడిమికి వస్తే గుడ్డంతా మధ్యకు జరిగి ఉబ్బుతుంది. దారానికి మైనం రాయాలి. పక్కన ఎవరూ కూర్చోకూడదు, ముఖ్యంగా కుడివైపు. కుట్టేవాడి కుడిపక్క, చీదేవాడి ఎడమపక్క కూర్చోవద్దన్న సామెత ఊరికే రాలేదు.

బొంతకు శాస్త్రగౌరవం తక్కువేమీ కాదు. సంస్కృతంలో దీన్నే కంథ అన్నారు. భజగోవింద స్తోత్రంలో యోగి కప్పుకున్నది వీధుల్లో ఏరిన పేలికల కంథ. వంగదేశంలో అదే కాంథా అయి, బొమ్మలు పూలు కుట్టించుకుని, ఇప్పుడు కొట్లలో చీర వెల పలుకుతోంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లెటూరి నల్లజాతి స్త్రీలు పొలం పనికి కట్టి చిరిగిన బట్టలతో కుట్టిన బొంతల్ని 2002లో హూస్టన్ మ్యూజియంలో గోడలకు తగిలించారు. మన బొంత మాత్రం గోడెక్కలేదు, పత్రికల్లో రాజకీయం పేజీకెక్కింది. ఏ సంకీర్ణ ప్రభుత్వం వచ్చినా సంపాదకుడు ‘అతుకుల బొంత’ అంటాడు. 1989లో నేషనల్ ఫ్రంట్‌కు ఛైర్మన్ ఎన్టీ రామారావు, 1996లో యునైటెడ్ ఫ్రంట్‌కు కన్వీనర్ చంద్రబాబు నాయుడు. ఢిల్లీ బొంతకు రెండుసార్లూ సూది మనదే. రెండూ అయిదేళ్ళు ఆగలేదు. పోలిక వల్ల నష్టపోయింది బొంత. సరిగ్గా కుట్టిన బొంతకు పొరలు చిరుగుతాయి గాని అతుకు ఊడదు.

ఇప్పుడు ప్రస్తుత బొంత. సగానికి కాస్త ఎక్కువే అయింది. ఆపిన చోట సూది గుచ్చి ఉంది, సూదిలో జానెడు దారం కూడా ఉంది. సూది తుప్పుపట్టి గుడ్డమీద గోధుమరంగు గీత దింపింది. అంటే కుట్టినావిడ లేచింది క్షణం కోసమే. పాలు పొంగాయో, ఎవరైనా పిలిచారో. దీపాలు పెట్టే వేళయి ఉండవచ్చు. ఆ వేళ సూది చేత్తో పట్టకూడదు, పక్కింటికి ఇవ్వనూ కూడదు. పొరపాటున గ్రహణం పడి, ఇంట్లో కడుపుతో ఉన్న కోడలు ఉంటే ఆ పూటంతా సూదీ కత్తెరా అటకెక్కుతాయి. కారణాలు ఇన్ని చెప్పవచ్చు. మర్నాడు ఎందుకు కూర్చోలేదన్నదానికి మాత్రం ఏ కారణమూ లేదు.

‘కానిచ్చేత్తాను’

క్రియాపదం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తద్ధర్మార్థకమని ఒక రూపాన్ని చెప్పింది. అది కాలానికి కట్టుబడదు, కర్త స్వభావాన్ని చెబుతుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్టు. వాడుకలో ‘తాను’ రూపం రేపు చేయబోయేదానికీ వస్తుంది, ఎప్పుడూ చేసేదానికీ వస్తుంది. ఇల్లాలు భవిష్యత్తులో వాడింది. వదినగారు తద్ధర్మంలో విన్నది. వాక్యం ఒక్కటే గనుక ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

రసమేది? ఉత్సాహం స్థాయి గనుక వీరమని చెప్పాలి. ముప్పైమూడు సంచారి భావాల్లో శ్రమ ఉంది, చింత ఉంది, స్మృతి ఉంది, ఆలస్యం కూడా ఉంది. సంచారి అన్నది వచ్చి పోవాలి. ఇక్కడ ఆలస్యం వచ్చింది గాని పోలేదు.

పూర్వపక్షం: గూడెం బజార్లో రగ్గులు రాశులు పోసి అమ్ముతుంటే ఈ శ్రమ ఎందుకు? (వదినగారు ఉల్లి మార్కెట్టు ఊరి మనిషి, ఆవిడకు ఏదైనా బస్తాల లెక్కనే తెగాలి.) సమాధానం: ఎందుకన్నది ప్రశ్న కాదు, ఎప్పుడన్నది ప్రశ్న. ఏలూరు తివాచీ చూడండి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళ పరంపర అని చెప్పుకునే పని. గొర్రె ఉన్ని, నిలువు మగ్గం, ముడి ముడికీ లెక్క. బొంత కన్నా పదిరెట్లు కష్టం. అయినా పూర్తవుతుంది, ఎందుకంటే సైజు చెప్పినవాడున్నాడు, బయానా ఇచ్చినవాడున్నాడు. బొంతకు ఆర్డరు లేదు. అమెరికాలో కుట్టేవాళ్ళు సగంలో ఆగిన వాటిని యు.ఎఫ్.ఓ.లు (అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్టులు) అంటారట, ఎగిరే పళ్ళేలకు పెట్టిన పేరే. అక్కడా ఆర్డరు లేకే.

కనుక సిద్ధాంతం: ముక్కలు అయిపోయాయని బొంత పూర్తికాదు, పడుకునే మనిషి వస్తే పూర్తవుతుంది. కూతురు పురిటికి వస్తోందంటే ఇదే ఇంట్లో రెండు రాత్రుల్లో పసిబిడ్డ బొంత తయారైంది, గళ్ళ కొలతలు ఎవరూ చూడలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి ఆ నీళ్ళన్నీ కొల్లేటికి దిగినప్పుడు, లంక నుంచి చుట్టాలు ఏలూరు వచ్చారు. ఆ రాత్రి హాల్లో పరిచింది ఈ సగం బొంతనే. సూది తీసి గోడ కాలెండరుకు గుచ్చారు. వాళ్ళు వెళ్ళిన రోజు మళ్ళీ తెచ్చి ఆపిన చోటే గుచ్చారు. ఇంకో రెండు రోజులు చుట్టాలు ఉండి ఉంటే, ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు మిగతా సగం కుట్టేసేవారని వ్యాఖ్యాత నమ్మకం. లంకవాళ్ళు ఖాళీగా కూర్చోలేరు.

తాత్పర్యం

ఓ వదినా! రానున్న పండుగలోగా, మీ అమ్మగారు మొదలుపెట్టి విడిచిన బొంతను, ఇంటనున్న ముక్కలతోనే, కొత్త ఖర్చు లేకుండా ముగింతునని ప్రమాణపూర్వకముగా చెప్పుచున్నాను, నీవు నమ్మవలెను. దీనికి వదినగారి ప్రత్యుత్తరం ‘ఊఁ’ అని ఏకాక్షరంగా లభిస్తున్నది. దీర్ఘమా, ప్లుతమా అన్నది ఫోనులో స్పష్టంగా వినబడలేదు.

‘మళ్ళీ కొత్త గుడ్డ కొంటే ఒట్టు’

ఈ ఒట్టు ఎవరిమీద వేశారో చెప్పలేదు గనుక బలహీనం. అదీగాక బొంతకు అడుగున వేసే గుడ్డ ముక్కలతో కుదరదు. అది అతుకు లేకుండా ఒకే బారుగా ఉండాలి, లేకపోతే పడుకున్నవాడి వీపుకు కుట్టు తగులుతుంది. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ ఇప్పటికే లోపలి పొరలకు పోయాయి. అడుగు గుడ్డను ‘కొత్త గుడ్డ’ కింద లెక్కించాలా? లెక్కించనక్కర్లేదనే సంప్రదాయం, అది పాత పని పూర్తి చేయడానికి కొన్నది గనుక పాతదాని కిందికే వస్తుంది. ఈ మేరకు శాస్త్రసమ్మతి దొరికాక ఇల్లాలు బజారుకు వెళ్ళింది. కొట్టువాడు కావలసినంతే కోయనన్నాడు, తాను చివర మిగిలేది ఎవరికి అమ్ముకోవాలని. మొత్తం తీసుకుంటే ధర తగ్గిస్తానన్నాడు. తగ్గించాడు. అడుగుకు పోగా మిగిలినది కాస్త పెద్ద ముక్కే. లేత పసుపు, చుక్కల అంచు, ఇంకో బొంతకు పట్టీలకు బాగుంటుంది. మడిచి పెట్టెలో పెట్టింది.